వలస వెళ్లినవారిపై ఆ ముద్ర ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

రష్యా వదిలి వెళ్లినవారిని సొంత దేశంలోనే కొందరు ద్రోహులంటుంటే మనసుకు కష్టంగా ఉంది. 2022 సెప్టెంబరు 21న ఉక్రెయిన్ యుద్ధం కోసం పాక్షిక సైనిక సమీకరణ (పౌరుల్లో కొందరిని సైన్యంలోకి పిలవడం) ప్రకటించగానే, జార్జియా సరిహద్దులోని వెర్ఖ్నీ లార్స్ దగ్గర కిలోమీటర్ల పొడవున కార్లు బారులు తీరాయి. ఆ బారులు దాటడానికి సైకిళ్లెక్కినవారూ ఉన్నారు. యుద్ధానికి వెళ్లలేక కదిలిన కుర్రాళ్లు వాళ్లు. అంతకు ఆరు నెలల ముందు, మార్చి 16న, మనసు పడమటి దేశాల్లో పెట్టుకున్నవారి గురించి మాట్లాడుతూ, ద్రోహులను నోట్లో పడ్డ పురుగులా జనం ఉమ్మేస్తారని అధ్యక్షుడు పుతిన్ అన్నారు. దేశాధినేత నోట రావలసిన మాటేనా అది?

ఇది కొత్త అనుమానం కాదు. 1922లో లెనిన్ ప్రభుత్వం తనకు గిట్టని తత్వవేత్తలను, ఆచార్యులను పెట్రోగ్రాడ్ (నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్) నుంచి ఓడలెక్కించి పంపేసింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు సామాన్యుడు దేశం దాటాలంటే నిష్క్రమణ వీసా, అంటే బయటికి వెళ్లేందుకు ప్రభుత్వ అనుమతి, కావాల్సి వచ్చేది. ఆ నిబంధన పోయింది 1993లోనే.

యుద్ధానికి ముందు, 2021లో, రష్యాలో అభిప్రాయ సేకరణలు జరిపే లెవాదా సెంటర్ అడిగితే 18–24 ఏళ్లవారిలో దాదాపు సగంమంది విదేశంలో స్థిరపడాలని ఉందన్నారు. మొత్తం జనంలో మాత్రం అత్యధికులు వద్దన్నారు. అమ్మానాన్నలు, భాష, ఇల్లు వదలలేక ఉండిపోయినవారిని నేను తప్పుపట్టను.

మన పిల్లలు వైద్యవిద్యకు అదే రష్యా వెళ్తే గర్వంగా సాగనంపుతున్నాం. చదువుకో, ఉద్యోగానికో, ప్రాణభయంతోనో బయల్దేరిన రష్యన్ బిడ్డకూ ఇంటి తలుపు తెరిచే ఉండాలి.

– ఒక పాఠకుడు, విజయవాడ