ఎలుకలకి పాలు, బుల్లెట్‌కి మందు

ఒరేయ్ శీనూ,

ఫోన్‌లో ట్రిప్పు ఎలా జరిగిందిరా అని అడిగావు, బానే జరిగిందని చెప్పి పెట్టేశాను. అప్పుడు మా అత్తయ్యగారు పక్కనే కూర్చుని ఉన్నారు. చెప్పాల్సిన దాంట్లో సగం ఆవిడ గురించే, ఇంకేం చెప్తాను? అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు. ఆఫీసులో మాత్రం తెరవకు, నవ్వొస్తే ఆపుకోలేవు నువ్వు.

రాజస్థాన్ అంటే కోటలు, ఒంటెలు, మీసాలు అనుకుని బయల్దేరాం కదా. ఆ మూడూ ఉన్నాయి, దండిగా ఉన్నాయి. కానీ కోటల గురించి నన్ను అడక్కు. రెండు కోటలు చూశాక మూడోది ఏదో నాలుగోది ఏదో తెలీదు, మోకాళ్ళు మాత్రం అన్నీ గుర్తుపెట్టుకుంటాయి. నాకు నచ్చింది వేరే. అక్కడ రాజుకైనా సరే, రోడ్డు పక్క మనిషికైనా సరే, ఒక పిచ్చి పట్టిందంటే దాని అంతు చూసేదాకా వదలరు. మనలాగా నలుగురూ ఏమనుకుంటారో అని సగంలో ఆపరు.

జైపూర్ సంగతే చూడు. ఊరంతా పింక్ అంటారు గానీ నన్నడిగితే అది మనవాళ్ళు అరుగులకి పూసే జాజు రంగుకి దగ్గర. 1876లో వేల్స్ యువరాజు వస్తున్నాడని ఊరు మొత్తానికి ఆ రంగు వేయించారట. ఒక్క చుట్టం కోసం ఊరంతా! మా ఇంట్లో ముందుగదికి రంగులేయించాలంటే పద్మ నన్ను మూడు పండగలు బతిమాలింది. సరే, ఆ చుట్టమే తర్వాత ఏడో ఎడ్వర్డ్ పేరుతో ఇంగ్లండ్ రాజయ్యాడు. 1902లో పట్టాభిషేకం, జైపూర్ మహారాజు రెండో మాధోసింగ్‌కి పిలుపొచ్చింది. ఆయన మహా ఆచారపరుడు. సముద్రం దాటాలంటే ఒక బాధ, అక్కడి నీళ్ళు తాగాలంటే ఇంకో బాధ. మనమైతే ఒంట్లో బాగాలేదని టెలిగ్రాం కొట్టి ఊరుకునేవాళ్ళం. ఆయన ఓడ మాట్లాడుకుని, వెండి బిందెల నిండా గంగాజలం పోయించుకుని మరీ వెళ్ళాడు. బిందెలంటే మన బిందెలు కావురా. దాదాపు 14 వేల వెండి నాణేలు కరిగించి చేశారు ఒక్కోటి. ఎక్కడా అతుకు లేదు, ఎత్తు మా పద్మ అంత ఉంది. సిటీ ప్యాలెస్‌లో రెండు పెట్టారు, గిన్నిస్ రికార్డుల్లో కూడా ఎక్కాయి. తీరా ఆయన వెళ్తే అక్కడ పెళ్ళికొడుక్కే అపెండిసైటిస్ వచ్చింది. జూన్‌లో జరగాల్సిన పట్టాభిషేకం ఆగస్టుకి పోయింది. ఆ నీళ్ళ లెక్క చూసుకునే గుమాస్తా ఎవడో గానీ, వాడి టెన్షన్ తలుచుకుంటే నాకు జాలేసింది.

ఇక్కడొక విషయం చెప్పాలి. మా అత్తయ్యగారు ఇంటి నుంచి రైస్ కుక్కర్ తెచ్చారు. దాంతోపాటు అయిదు కిలోల సన్నబియ్యం, కందిపొడి, గోంగూర పచ్చడి, ఎందుకైనా మంచిదని చింతపండు. రైలెక్కిన దగ్గర్నుంచీ నేను ఆ సంచీ మొయ్యలేక సణుగుతూనే ఉన్నాను. ఆ వెండి బిందె ముందు ఆవిడ చాలాసేపు నిలబడి, గైడు చెప్పిందంతా పద్మ చేత తెలుగులో చెప్పించుకుని, నావైపు తిరిగి, "చూశారా అల్లుడుగారూ, మహారాజు నీళ్ళు మోయిస్తే మ్యూజియంలో పెట్టారు. నేను కుక్కర్ తెస్తే మీకు నామోషీ అయింది" అన్నారు. గైడుకి తెలుగు రాదు గానీ నా మొహం చూసి అర్థం చేసుకున్నాడు.

జంతర్ మంతర్ దగ్గర మాత్రం నేను కదల్లేదు. పక్కనే, నడిచే దూరం. సవాయి జైసింగ్ మహారాజు కట్టించిన సన్‌డయల్ ఉంది, అదే, నీడని బట్టి టైం చెప్పే గడియారం, 27 మీటర్ల ఎత్తు. దూరం నుంచి చూస్తే ఆకాశంలోకి కట్టి మధ్యలో ఆపేసిన మెట్లు, అంతే. గైడు మమ్మల్ని పక్కనున్న పాలరాతి వంపు దగ్గరికి తీసుకెళ్ళి, నీడ అంచు మీద నా వేలు పెట్టించాడు. మాట్లాడకుండా చూడమన్నాడు. శీనూ, నీడ కదులుతుందిరా! కంటికి కనిపిస్తుంది. నిమిషానికి ఇంచుమించు ఆరు సెంటీమీటర్లు. చూస్తుండగానే నా గోరు మీదకెక్కి, వేలు దాటి వెళ్ళిపోయింది. సూర్యుడు కదలడం ఏమిటి, భూమి కదా తిరిగేది అని బళ్ళో చదువుకున్నదంతా ఆ ఒక్క నిమిషంలో ఒంటికి తెలిసింది. రెండు సెకన్ల తేడాతో టైం చెప్పచ్చట. కాకపోతే నా వాచీతో పోలిస్తే అరగంట వెనక ఉంది. గైడుని పట్టుకున్నానని సంబరపడ్డాను. వాడు నవ్వి, "మీ వాచీది ఇండియా టైం సార్, ఇది జైపూర్ టైం" అన్నాడు. నిజమే. మన గడియారాలన్నీ 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన నడుస్తాయి, అది మన కాకినాడ పక్క నుంచే పోతుంది. జైపూర్ దానికి బాగా పడమర. అంటే దేశమంతా మన కాకినాడ టైం వాడుతోందన్నమాట. ఆ ముక్క గైడుకి చెప్పాను. పెద్దగా పట్టించుకోలేదు.

హవామహల్ ఫోటోల్లోనే బావుంది. 953 కిటికీలు, 1799లో కట్టారు. రోడ్డు మీద నుంచి జనమంతా ఫోటోలు తీసుకునేది దాని వీపు. వాకిలి అటు వెనక సందులో ఉంది. అంతకంటే చెప్పడానికేం లేదు.

ఇక బికనేర్. ఊరు సరే, అక్కడికి 30 కిలోమీటర్ల దూరంలో దేశ్‌నోక్ అని ఉంది. కర్ణీమాత గుడి. ఎలుకల గుడి అంటే అందరికీ తెలుస్తుంది. నువ్వు విని ఉంటావు, వినడం వేరు. గుమ్మానికి వెండి తలుపులు, మహారాజా గంగాసింగ్ చేయించాడు. తలుపుల మీద చెక్కిన పనితనం చూద్దామని వంగాను, చెక్కిన ఎలుక పక్కనుంచి నిజం ఎలుక పరిగెత్తింది. లోపల వేలల్లో ఉన్నాయిరా. పాతిక వేలంటారు, ఎవరు లెక్కపెట్టారో మరి. పైన గద్దలు రాకుండా ఆకాశానికి అడ్డంగా వల కట్టారు. మధ్యలో బేసిన్ల లాంటి పెద్ద పళ్ళేల్లో పాలు. పళ్ళెం అంచు మీద ఎలుకలు చుట్టూ బారులు తీరి కూర్చున్నాయి, తోకలన్నీ బయటికి, మూతులన్నీ లోపలికి. ఒకటి తాగి దిగితే ఇంకోటి ఆ ఖాళీలోకి ఎక్కుతుంది. తోపులాట లేదు. మన ఊళ్ళో కల్యాణ మండపాల్లో భోజనాల దగ్గర నేనింత క్రమశిక్షణ చూడలేదు.

వాళ్ళ కథేంటంటే, ఆ ఎలుకలు ఎలుకలు కావు. కర్ణీమాత సవతి కొడుకు చెరువులో పడి చనిపోతే ఆవిడ యముడితో పోట్లాడిందట. చివరికి, ఆవిడ వంశం వాళ్ళు పోయాక యముడి దగ్గరికి పోకుండా ఎలుకలుగా పుట్టి గుళ్ళో ఉండేట్టు, మళ్ళీ మనుషులుగా పుట్టేట్టు ఏర్పాటయింది. వాటిని 'కాబా' అంటారు. పొరపాటున ఒకటి మన కాలికింద పడి చచ్చిందా, వెండి ఎలుకని చేయించి ఇచ్చుకోవాలి. ఈ సంగతి తెలిశాక నేను అడుగు ఎత్తితే ఒట్టు. నేల మీద కాళ్ళు ఈడ్చుకుంటూ గుడంతా తిరిగాను. మేజోళ్ళతో లోపలికి పోవచ్చు, ఆ మేజోళ్ళు మాత్రం తిరిగి ఊరికి రాలేదు.

మరి మా అత్తయ్యగారు? ఇంట్లో బోనులో కొబ్బరిముక్క గుచ్చి ఎలుకల్ని పట్టడంలో ఆవిడది అందె వేసిన చెయ్యి. వీధిలో వాళ్ళు కూడా బోను అరువు తీసుకెళ్తారు. అలాంటి మనిషి అక్కడ చేతులు జోడించి, "నాయనా, తప్పుంటే క్షమించండి" అని మెల్లగా అనుకోవడం నేను చెవులారా విన్నాను. అంతలో ఒకటి ఆవిడ పాదం మీద నుంచి వెళ్ళింది. అది మహా అదృష్టమట, చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా ఆవిడకి దణ్ణం పెట్టారు. అప్పట్నుంచి ఆవిడ నడకే మారిపోయింది. తెల్ల ఎలుక కనిపిస్తే ఇంకా మంచిదని అరగంట వెతికించారు, కనబళ్ళేదు. ఎలుకలు ముట్టిన ప్రసాదం కూడా పెడతారు. నేను కళ్ళకద్దుకుని జేబులో వేసుకున్నాను. అడక్కు, ఏం చేశానో చెప్పను.

బికనేర్‌లోనే ఒంటెల మీద కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఒకటుంది. ఒంటె పాలతో ఐస్‌క్రీం, కాఫీ అమ్ముతారు. కాఫీలో కొంచెం ఉప్పదనం తగిలింది. పద్మకి నచ్చింది, నాకు ఒక్క గుక్క చాలు.

తిండి గురించి అడుగుతావని తెలుసు. దాల్ బాటీ చూర్మా తిన్నాం. బాటీని చేత్తో నలిపి, మీద నెయ్యి పోస్తాడు. వేస్తాడని రాయలేదు చూడు, పోస్తాడు. చాలు చాలు అన్నకొద్దీ అది మర్యాదకి అంటున్నామనుకుని ఇంకో గరిటె. కూరగాయలు దొరకని నేల కదా, శనగపిండి ముద్దలతోనే కూర చేస్తారు, గట్టే అంటారు. ఎడారి చెట్ల కాయలు ఎండబెట్టి కేర్ సాంగ్రీ అని ఇంకోటి, మన మాగాయలాంటి పులుపుతో భలే ఉంటుంది. మా అత్తయ్యగారు అన్నీ రుచి చూసి, అన్నిటికీ తలూపి, రాత్రి లాడ్జి గదిలో కుక్కర్ పెట్టేవారు. నేను కూడా తిన్నాననుకో. సంచీ మోసింది నేనే కదా.

జైసల్మేర్ గురించి రెండు ముక్కలు. అది 1156 నాటి కోట, అయినా లోపల ఇప్పటికీ జనం కాపురాలున్నారు. కోట గోడ మీద బనియన్లు ఆరుతుంటాయి. బయట ప్రభుత్వ అనుమతితో భంగు కొట్టు, బోర్డు కూడా దర్జాగా పెట్టారు. నాకు బాగా నచ్చింది పెళ్ళి శుభలేఖలు. వాటిని ఇంటి గోడ మీదే రంగులతో రాసేస్తారు. పైన వినాయకుడు, కింద పెళ్ళికొడుకు పేరు, పెళ్ళికూతురు పేరు, తేదీ. దారిన పోయేవాళ్ళందరికీ పిలుపే. పెళ్ళయ్యాక చెరపరు. ఇంట్లో ఇంకో పెళ్ళి వస్తేగానీ రంగు మారదు. ఎండకి వెలిసిపోయిన ఒక గోడ మీద తేదీ చూసి, వీళ్ళ పెళ్ళి మన పెళ్ళికంటే ముందే అని పద్మ లెక్కలు కట్టింది. ఆ ఇంటి ముందు ఒకావిడ కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. పెళ్ళికూతురు ఆవిడేనేమో అని నా అనుమానం. అడగడానికి పద్మ ఒప్పుకోలేదు. ఇసుక తిన్నెలు, సూర్యాస్తమయం, ఒంటె సవారీ అన్నీ అయ్యాయి, ఫోటోలు పంపించాను కదా, అవే చూసుకో.

జోధ్‌పూర్‌లో మిర్చీ వడ తిన్నాం. అంటే మన మిర్చి బజ్జీయే, కడుపులో ఆలూ కూర. దాన్ని రెండు బ్రెడ్ ముక్కల మధ్య పెట్టుకుని తినేవాళ్ళు కూడా ఉన్నారు. ఒకాయన అలా తింటూ కనిపిస్తే నేను మర్యాదగా మొహం తిప్పుకున్నాను. వామూ చింతపండూ కూరి, ఉల్లిపాయ ముక్కలు చల్లి, నిమ్మకాయ పిండే బజ్జీకి సాటి లేదురా, ఎక్కడికెళ్ళినా ఇదే నా మాట. మహారాజా ఉమేద్ సింగ్ కట్టించిన ప్యాలెస్ ఉమేద్ భవన్‌ని బయటి నుంచీ, దాని మ్యూజియంని లోపల నుంచీ చూశాం. 347 గదులు. కరువొస్తే జనానికి పని కల్పించడానికని 1929లో మొదలెట్టి 1943 దాకా కట్టారట. మన కరువు పనుల్లో చెరువులు తవ్వుతారు, ఆయన మేడ కట్టించాడు.

ఇప్పుడు అసలైంది. నీ కోసమే చివర్లో ఉంచాను. జోధ్‌పూర్ నుంచి పాలీ పోయే హైవే మీద చోటీలా అని ఒక ఊరు. అక్కడ దేవుడు బుల్లెట్టు! నీ దగ్గరున్నదే, 350. నంబరు ఆర్‌ఎన్‌జే 7773. అద్దాల పెట్టెలో నిలబెట్టి దండలేశారు. ఓం సింగ్ రాఠోడ్ అని ఒక కుర్రాడు, ఆ పక్క చెట్టుకి బండి గుద్దుకుని పోయాడు. వాళ్ళు చెప్పే కథ ఏమిటంటే, పోలీసులు బండిని స్టేషన్‌కి తీసుకెళ్తే తెల్లారేసరికి అది మళ్ళీ ఆ చెట్టు దగ్గరే ఉందట. పెట్రోలు తీసేసి, గొలుసులు కట్టినా అంతే. ఇప్పుడు ఆయన ఓం బన్నా, బుల్లెట్ బాబా. ఆ దారిలో పోయే లారీవాళ్ళు హారన్ కొట్టి దణ్ణం పెట్టుకోకుండా ముందుకి కదలరు. చెట్టుకి గాజులు, ఎర్రదారాలు. అగరొత్తులతో పాటు మందు సీసాలు నైవేద్యం. రోడ్డు మీద ప్రాణాలు కాపాడే దేవుడికి మందు ఏమిటని నేను గొణిగితే, మా డ్రైవరు చాలా గంభీరంగా, "ఆయనకి పెడితే మాకు మిగలదు కదా సాబ్" అన్నాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు, నీ దగ్గరుంటే చెప్పు.

నేను ఆ బండి ముందు నిలబడి నీ గురించే ఆలోచించాను. అది పెట్రోల్ లేకుండా స్టేషన్ నుంచి వచ్చేసిందంటున్నారు. నీది ట్యాంకు నిండా పోయించినా మెకానిక్ షెడ్డు నుంచి రాదు. అందుకని ఓం బన్నా ఫోటో స్టిక్కరొకటి కొన్నాను, ట్యాంకు మీద అంటించుకో. పని చేస్తే చెప్పు, మా స్కూటర్‌కి కూడా తెప్పించుకుంటాను.

బికనేర్ భుజియా నీకని ఒక కిలో విడిగా దాచాను. మోఠ్ అనే పప్పు పిండితో చేస్తారు, మన కారప్పూస దాని ముందు కాస్త మెత్తన. మా అత్తయ్యగారు వచ్చే వారం దాకా ఇక్కడే ఉంటారు, టీ పూట టీ పూటకీ డబ్బాలు వెతుకుతున్నారు. ఆదివారం లోపల వచ్చావా సరే, లేదంటే స్టిక్కరొక్కటే మిగులుతుంది.

నీ
రమణ

తా.క.: పిల్లలకి ఎలుకల ఫోటోలు చూపించు. మీ ఆవిడకి చూపించకు.