మెడల్ ఫోటోలో కనపడని వాళ్ళకి

విశాఖ నేవీ మారథాన్ అయిన రోజు పది కిలోమీటర్ల మెడల్ మెళ్ళో వేసుకుని ఫోటో పెట్టాను. "సూపర్ అక్కా", "గ్రేట్ మేడమ్" అని చాలామంది రాశారు. సంతోషమే. కానీ ఆ ఫోటోలో నేనొక్కదాన్నే ఉన్నాను. జూలైలో బాత్రూమ్‌కి కూడా గోడ పట్టుకుని వెళ్ళిన మనిషి డిసెంబరులో పరిగెత్తిందంటే దాని వెనక ఎవరెవరున్నారో చెప్పకుండా అభినందనలన్నీ నేనే తీసేసుకోవడం బాగోలేదు. అందుకే ఇది. పొడుగైతే ఏమనుకోకండి, మనుషులు ఎక్కువమంది ఉన్నారు.

నన్ను ఎరగని వాళ్ళ కోసం రెండు ముక్కలు. బ్యాంకులో రోజంతా కుర్చీకి అతుక్కునే ఉద్యోగం నాది. నలభై దాటాక షుగరు గీత దాకా వచ్చిందని డాక్టరు చెబితే నడక మొదలెట్టాను, అది మెల్లిగా పరుగైంది. ఇల్లు ఎంవీపీ కాలనీ. విశాఖలో ఉదయం పూట బీచ్ రోడ్డు మీదికి బండ్లు రానివ్వరు కదా, ఆ కాసేపూ ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. మా పరుగు గుంపు బీచ్ ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ దగ్గర కలుస్తుంది. అక్కణ్ణించి కొందరు కోస్టల్ బ్యాటరీ వైపు, కొందరు వుడా పార్కు దాటి లాసన్స్ బే వైపు. (పార్కు పేరు మారి ఏళ్ళయింది, మాకింకా వుడా పార్కే.) మోకాళ్ళలో దమ్మున్నవాళ్ళు జోడుగుళ్ళపాలెం మీదుగా తెన్నేటి పార్కు ఎత్తు ఎక్కి వస్తారు. మేమెవరం గెలవడానికి పరిగెత్తేవాళ్ళం కాదు. ఏడాదికి ఒకటో రెండో పోటీలకి బిబ్ (ఛాతీ మీది నంబరు చీటీ) కట్టుకుంటాం, ఫినిష్ అయ్యాక ఇడ్లీ తింటాం.

రాత్రంతా వాన కురిసిన ఒక తెల్లవారు, ఇంటి నుంచి బీచ్‌కి పోయే సందులో ఒక కుక్క ఉన్నట్టుండి అడ్డంగా దూసుకొచ్చింది. పక్కకి తప్పుకునేసరికి కుడికాలు కాలువ మీది పలక అంచున పడి లోపలికి మడత పడింది. టక్‌మని చప్పుడు వినపడింది. నీళ్ళలో కూలబడిపోయాను.

మొదట వచ్చింది పాల బూత్ బాబాయి. "ఏటైనాదమ్మా, లేవకు, లేవకు, అలాగే కూకో" అంటూ కొట్టు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. ఫ్రిజ్‌లోంచి చల్లటి పాల పాకెట్లు రెండు తెచ్చి నా చీలమండకి అటొకటి ఇటొకటి పెట్టాడు. ఐసు ముక్కలైతే జారిపోతాయి, పాల పాకెట్టు కాలికి అతుక్కుని ఒదిగి కూర్చుంటుంది! ఆ తర్వాత ఎవరు కాలు బెణికిందన్నా నేను చెప్పే మొదటి వైద్యం అదే. ఆ రెండు పాకెట్లూ ఆయన మళ్ళీ అమ్మలేదు, సాయంత్రం మా ఇంటికి పంపించాడు. డబ్బులిస్తే, "మీ కాలికి తగిలిన పాలు ఇంకెవలికిస్తానమ్మా" అన్నాడు. బాబాయ్, మీరిది చదవరని తెలుసు. మీ అబ్బాయి చదివి వినిపిస్తానన్నాడు.

అప్పుడే ఇద్దరు కాలేజీ అమ్మాయిలు అటు వచ్చారు. ఒకమ్మాయి తన చున్నీ తీసి ఆ పాకెట్లు కదలకుండా కాలికి ఎనిమిది అంకెలా చుట్టి కట్టింది. ఎంత బాగా కట్టిందంటే, తర్వాత ఆసుపత్రిలో విప్పిన నర్సు "ఎవరు కట్టారు, ఎన్‌సీసీయా?" అని అడిగింది. రెండో అమ్మాయి నా ఫోన్‌లోంచి మా ఆయనకి ఫోన్ చేసి, "ఆంటీ బానే ఉన్నారంకుల్, కాలే కొంచెం..." అని ఎంత నెమ్మదిగా చెప్పిందో. నేను చెప్పి ఉంటే ఏడ్చేసేదాన్ని.

ఆటో తమ్ముడు నన్ను ఎక్కించుకున్నాడు, గుంత వచ్చిన ప్రతిచోటా "అక్కా, గట్టిగా పట్టుకో" అని ముందే చెప్పాడు. ఆసుపత్రి దగ్గర చక్రాల కుర్చీ తనే తోసుకొచ్చాడు. ఛార్జీ తీసుకోలేదు. మా ఆయన జేబులో పెట్టబోతే బండి స్టార్ట్ చేసేశాడు. తమ్ముడూ, నీ ఆటో వెనక రాసుకున్న "అమ్మ దీవెన" తప్ప నీ గురించి నాకేమీ తెలీదు. దీవెనే ఇస్తున్నాను, అది మాత్రం వెనక్కివ్వకు.

డాక్టరుగారు ముందు అడిగింది, "నాలుగడుగులు వెయ్యగలరా?" అని. వెయ్యలేకపోయాను. చీలమండ ఎముక వెనక అంచు నొక్కితే కేక పెట్టాను. ఆ రెండిట్లో ఏది ఉన్నా ఎక్స్‌రే తియ్యాల్సిందేనట, ఏదీ లేకపోతే చాలాసార్లు అక్కర్లేదట. ఎముక విరగలేదు. బయటి వైపు లిగమెంటు కొంత తెగింది. కాలు కదలకుండా పట్టి ఉంచే మెడికల్ బూటు వేసి, ఫిజియోథెరపీకి పంపారు. మా ఇంట్లో అయితే బెణుకు అంటే ఉప్పు కాపడం, రెండ్రోజుల విశ్రాంతి, అంతే. మా అత్తగారు బూటు చూసి, "దీనికి ఇంత హంగామా ఏంటే" అన్నారు.

ఇక ఫిజియో అమ్మాయి గురించి. వయసులో మా పెద్దదానికంటే నాలుగేళ్ళు పెద్దదేమో, ఓపికలో మాత్రం నాకు అమ్మ. రోజూ నేను అడిగేది ఒకటే, "ఎప్పుడు పరిగెత్తొచ్చు?" ఆమె తేదీ చెప్పలేదు, కారణం చెప్పింది. "లిగమెంటు ఎముకల్ని కట్టి ఉంచే తాడు మాత్రమే కాదు మేడమ్. పాదం ఎటు వాలిందో మెదడుకి కబురు పంపే నాడులు అందులోనే ఉంటాయి. అది తెగితే కబురు ఆలస్యం అవుతుంది. నొప్పి తగ్గిపోయినా ఆ కబురు ఇంకా సరిగ్గా అందదు. అందుకే ఒకసారి బెణికిన కాలే మళ్ళీ మళ్ళీ బెణుకుతుంది." అప్పటినుంచి ఒంటికాలి మీద నిలబడి పళ్ళు తోముకోవడం. అది వచ్చాక కళ్ళు మూసుకుని. అది వచ్చాక దిండు మీద. రబ్బరు పట్టీ పాదానికి చుట్టి నాలుగు దిక్కులకీ లాగడం, మెట్టు అంచున నిలబడి మడమలు లేపడం. హంగామా అన్న మా అత్తగారే గుమ్మం పట్టుకుని నాతోపాటు ఒంటికాలి మీద నిలబడటం మొదలెట్టారు. ఇప్పుడు నాకంటే ఎక్కువసేపు నిలబడతారు. నమ్మకపోతే ఇంటికి రండి.

బ్యాంకులో నా తోటివాళ్ళకి ఒక్క మాటలో చెబుతాను: నన్ను పైఅంతస్తు నుంచి కింది కౌంటరుకి మార్చి, నా వంతు మెట్లన్నీ మీరెక్కారు. మర్చిపోను.

అసలు చెప్పాల్సింది మా గుంపు గురించి. దెబ్బ తగిలిన రోజు సాయం చెయ్యడం పెద్ద విషయమే, కాదనను. కానీ ఆ తర్వాత నెలలకి నెలలు ఉంటాయే, అందరూ పరిగెత్తుతుంటే ఫోన్‌లో వాళ్ళ ఫోటోలు చూస్తూ ఇంట్లో కూర్చునే రోజులు, అప్పుడు మనిషి మెల్లిగా జారిపోతుంది. "తగ్గాక వద్దురులే" అని అందరూ మంచిగానే అంటారు. ఆ మంచి మాటతోనే చాలామంది పరుగు మానేశారు, నేను చూశాను. మావాళ్ళు ఆ మాట అనలేదు. బూటు ఉండగానే మాష్టారు ఫోన్ చేసి, "స్టాప్‌వాచ్ పట్టుకునే మనిషి కావాలమ్మా, నీ కాలితో మాకు పనిలేదు, చెయ్యి బాగుందా?" అన్నారు. మాష్టారంటే రిటైరైన తెలుగు మాష్టారు, అరవై దాటారు, మా అందరికంటే నిదానంగా మొదలెట్టి అందరికంటే ఆఖర్న ఆగుతారు. అలా ఆదివారాలు కురుసుర ఎదురుగా గట్టు మీద కూర్చుని టైము రాశాను. ఉప్పు వేసిన మజ్జిగ సీసాలు, బ్యాగులు, తాళంచెవులు నా దగ్గరే. మన ఊరి గాలిలో తేమ ఎంతుంటుందో తెలుసుగా, పట్టిన చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. పరిగెత్తేటప్పుడు మన బాధలో మనకి తెలీదు గానీ, కూర్చుని చూస్తే ఎవరి నడుం ఎక్కడ వంగిపోతోందో, ఎవరి అడుగు ఎప్పుడు బరువెక్కుతోందో కనిపిస్తుంది. ఇద్దరు ముగ్గురికి చెప్పాను కూడా. కోచ్ అని వెక్కిరించారు. కాలర్ ఎగరేశాను.

మా గుంపుకి ఇంకో అలవాటుంది. నెలకో ఆదివారం పరుగయ్యాక టిఫిను తిని, కళాభారతి ఆడిటోరియంలో కచేరీయో నాట్యమో, విశాఖ మ్యూజియమో, ఏదో ఒకటి చూసి ఇళ్ళకి పోతారు. అది మాష్టారు పెట్టిన అలవాటు. ఆదివారం ఇంటి పని ఉంటుంది కాబట్టి నేను టిఫిను దగ్గరే ఆగిపోయేదాన్ని. ఈసారి అన్నిటికీ వెళ్ళాను. నా కోసం ముందు వరసలో చివరి కుర్చీ పట్టేవారు, కాలు చాపుకోడానికి.

అక్టోబరులో పైడితల్లి పండగ రోజుల్లో విజయనగరం తీసుకెళ్ళారు. సిరిమాను (పూజారిని కూర్చోబెట్టిన పెద్ద మానుని ఊరేగించే) రోజు జనంలో నా కాలు నలుగుతుందని, ఆ రోజు వదిలేసి వెళ్ళాం. ముందు మహారాజా సంగీత కళాశాల చూశాం. 1919లో పెట్టిన కళాశాల, మొదటి ప్రిన్సిపాల్ హరికథల ఆదిభట్ల నారాయణదాసుగారు, తర్వాత వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. అక్కడ చదువుకోడానికి వచ్చిన ఘంటసాల వారాలూ మధుకరమూ చేసుకుని, ఊళ్ళో ఇంటింటా పెట్టిన అన్నం తిని సంగీతం నేర్చుకున్నాడని, పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆయనకి పాఠం చెప్పారని మాష్టారు చెబుతుంటే, బూటు విప్పిన కొత్తలో ఉన్న నేను, ఒక చేతికి మావాళ్ళొకరు ఆసరా, ఇంకో చేతిలో ఇంకొకరు తెచ్చిచ్చిన కొబ్బరిబొండం, అలా వింటున్నాను. నారాయణదాసుగారు రెండు చేతులూ రెండు కాళ్ళూ తలా కలిపి ఒకేసారి అయిదు తాళాలు వేసేవారని కూడా చెప్పుకుంటారట. ఒంటికాలి మీద నిలబడి పళ్ళు తోముకోవడమే గొప్పనుకుంటున్న నాకు ఆ మాట వినగానే నవ్వొచ్చింది.

సాయంత్రం తప్పెటగుళ్ళు చూశాం, మన ఉత్తరాంధ్ర జానపద నృత్యం. చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్ళో సంక్రాంతికి చూశాను, అప్పుడు పాట విన్నాను, గజ్జెలు విన్నాను. ఇప్పుడు కాళ్ళు చూశాను. రొమ్ము మీద తప్పెటకట్టి రెండు చేతులా వాయిస్తూ, గుండ్రంగా తిరుగుతూ, ఎగురుతూ, అంతసేపూ పాడుతూనే ఉన్నారు! సులువైన పేస్ (పరుగు వేగం) అంటే మాట్లాడుతూ పరిగెత్తగలగాలి అని మాకు చెబుతారు. వీళ్ళు పాడుతున్నారు. ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి గోపురం కట్టినప్పుడు కింద నిలబడ్డాయన పిక్కలు చూస్తే అర్థమైంది, బలం అంటే ఏంటో. ముఖ్యంగా నేను పట్టుకున్నది ఒకటే: ఎంత ఎగిరినా అడుగు దూరంగా పడదు. మోకాలు కాస్త వంచి, పాదం ఒంటి కిందే, తేలిగ్గా, దగ్గర దగ్గరగా. ఫిజియో అమ్మాయి నాకు వారాల తరబడి నెత్తీ నోరూ బాదుకుని చెబుతున్నదీ అదే, "చిన్న అడుగులు, త్వరత్వరగా" అని. చెవికెక్కలేదు. అక్కడ కంటికి ఎక్కింది.

తిరుగు రైల్లో మాష్టారు తొడ మీద ఆ దరువు వేసి చూపించారు. మళ్ళీ పరుగు మొదలెట్టినప్పుడు, ఒక నిమిషం పరుగు రెండు నిమిషాల నడక చొప్పున, ఆ దరువే మనసులో పెట్టుకుని అడుగులేశాను. వాచీ చూసుకోలేదు. పక్కన ఎవరో ఒకరు తోడుండేవారు, వాళ్ళ సొంత లాంగ్ రన్ (దూరపు పరుగు) మానుకుని మరీ. వంతులు వేసుకున్నారని చాలా రోజులకి తెలిసింది. నాకు తెలియనివ్వకుండా వేరే గ్రూపు పెట్టుకున్నారట, దొంగలు.

పోటీ రోజు మాష్టారికి ఇరవై ఒకటి కిలోమీటర్లు పరిగెత్తాలని ఉండేది. రిజిస్ట్రేషన్ అప్పుడే పదికి మార్చుకున్నారు, "ఈ ఏడు నాకూ బద్ధకంగా ఉందమ్మా" అని. ఆయన బద్ధకం నేనెప్పుడూ చూడలేదు. నా పక్కనే పరిగెత్తారు, ఎనిమిదో కిలోమీటరు దగ్గర నేను డీలాపడితే దరువు నోటితో వేశారు, మమ్మల్ని దాటుకుపోతున్న నేవీ కుర్రాళ్ళు వెనక్కి తిరిగి నవ్వారు. ఫినిష్ గీత దగ్గర నన్ను ముందు పొమ్మని ఆయన ఒక అడుగు ఆగారు. ఫలితాల్లో నా పేరు పైన, ఆయన పేరు కింద ఉంటుంది. మాష్టారూ, మీకు దండం పెడితే తిడతారు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

నీళ్ళ బల్లల దగ్గర నిలబడ్డ పిల్లలకి, నాకు చెప్పకుండా నా షూ లేసులు రెండో ముడి వేసి పంపిన మా ఆయనకి, పరుగయ్యేదాకా ఏమీ తినకుండా కూర్చున్న అత్తగారికి (నేను అడగలేదు, ఆవిడే మొక్కుకున్నారు) కూడా.

ఇక ఒక్క పని మిగిలింది. ఆ చున్నీ నా దగ్గరే ఉంది. ఆవపువ్వు రంగు, అంచుకి చిన్న చిన్న అద్దాలు. బురద మరక ఒక మూల పోలేదు, క్షమించాలి. ఆ అమ్మాయిల పేర్లడిగే స్థితిలో నేను లేను, పాల బాబాయికీ తెలీదట. జూలైలో ఎంవీపీ కాలనీలో ఒక ఆంటీ కాలికి కట్టు కట్టామని మీ ఇంట్లో గానీ, హాస్టల్లో గానీ ఎవరైనా చెప్పారా? చెప్పి ఉంటే ఈ పోస్టు వాళ్ళకి చూపించండి. ఏ ఆదివారమైనా తెల్లవారు కురుసుర దగ్గరికి వస్తే చాలు. చున్నీ ఇస్తాను, ఇంకో కొత్తది కూడా కొని ఉంచాను. ఆ రోజు టిఫిను నాది.