చిప్పు సాక్ష్యం చెబుతుంది సరే, ఎవరికి చెబుతుంది?

సంపాదకులకు నమస్కారం.

నకిలీ బ్యాటరీలు, చార్జర్ల బెడద తీరాలంటే ప్రతిదాంట్లోనూ ఒక చవక గుర్తింపు చిప్పు పెడితే సరిపోతుందని మీ వాణిజ్య పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. నేను తెనాలిలో సెల్‌ఫోన్ల మరమ్మతు దుకాణం నడుపుతున్నాను. నోకియా కాలం నుంచీ ఈ పనిలోనే ఉన్నాను. చిప్పు వద్దని నేను అనను, రావలసిందే. అయితే ఆ చిప్పు చెప్పే మాట ఎవరి చెవిన పడాలన్న సంగతిని వ్యాసకర్త ముట్టుకోనేలేదు.

స్టిక్కర్ల సంబరం ఎలా ముగిసిందో మా తరం చూసింది. నోకియా తన బ్యాటరీల మీద మెరిసే హోలోగ్రాము అంటించి, గీకితే ఇరవై అంకెలు బయటపడే ఏర్పాటు చేసింది. ఎన్నాళ్లో పట్టలేదు, ఆ మెరుపూ, గీకుడూ నకిలీ సరుకు మీదకూ వచ్చేశాయి. బీఎల్-5సీ బ్యాటరీకి ఉన్న మూడో కాంటాక్టు వెనక ఉండేది ఒక మామూలు రెసిస్టరు. ఫోను దాని విలువ కొలిచి బ్యాటరీ రకాన్ని తెలుసుకునేది. పైసల్లో దొరికే వస్తువు, ఎవరైనా పెట్టేయగలరు. 2007 ఆగస్టులో జపాన్ కంపెనీ మత్సుషిత తయారుచేసిన 4.6 కోట్ల బీఎల్-5సీలు వేడెక్కే అవకాశం ఉందని నోకియా ప్రకటించినప్పుడు జనం బ్యాటరీలు చేత పట్టుకుని మా దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. ఆ ప్రకటన అసలు సరుకు గురించి. తమది అసలుదో కాదో వచ్చినవాళ్లకే తెలియదు!

చిప్పు దారి వేరు, ఆ మాట ఒప్పుకోవాలి. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్, ఇన్ఫినియాన్ వంటి కంపెనీలు తయారుచేసే ఈ చిప్పుల్లో ఒక రహస్య సంఖ్య దాగి ఉంటుంది. ఫోను ఏదో ఒక సంఖ్యను ప్రశ్నగా పంపుతుంది. చిప్పు దాన్ని తన రహస్యంతో కలిపి లెక్కకట్టి జవాబు పంపుతుంది. ఫోను ఆ జవాబును సరిచూసుకుంటుంది. రహస్యం మాత్రం తీగ మీదికి రాదు. ఎవరైనా మధ్యలో చెవి పెట్టి విన్నా, మరుసటిసారి ప్రశ్న మారిపోతుంది కాబట్టి ఆ విన్నది పనికిరాదు. కంపెనీలు పెద్ద మొత్తంలో కొంటే ఖరీదు కొన్ని పదుల రూపాయలకు మించదు. వెయ్యి రూపాయల బ్యాటరీలో అది బరువేమీ కాదు.

కానీ మా బల్ల మీద జరిగేది వినండి. ఫోను బ్యాటరీ అంచున పసుపు టేపు ఒలిస్తే సన్నటి పట్టీ లాంటి బోర్డు కనిపిస్తుంది. గుర్తింపు చిప్పు ఉండేది దాని మీదే. కరెంటును, మంటను కడుపులో పెట్టుకున్నది దాని పక్కనున్న వెండిరంగు సంచి, అంటే సెల్. రెంటినీ కలిపేవి రెండు నికెల్ రేకులు. ఆ రేకులు కత్తిరించి, పాత అసలు బోర్డును ఊరూ పేరూ లేని కొత్త సెల్‌కు స్పాట్ వెల్డింగ్ చేసేవాళ్లు ఉన్నారు. అరచేతిలో పట్టే ప్రోగ్రామర్‌తో బ్యాటరీ ఆరోగ్యం అంకెను నూటికి నూరు చేసి పెడతారు. ఇక ఫోను ఎన్ని ప్రశ్నలు వేసినా చిప్పు సరైన జవాబులే చెబుతుంది. పాపం, అది అబద్ధమాడటం లేదు. తన గురించి తను నిజమే చెబుతోంది. పక్కనున్న సెల్ ఎవరిదో దానికేం తెలుసు? చిప్పులు పెరిగేకొద్దీ చచ్చిన అసలు బ్యాటరీలకు తుక్కులో గిరాకీ పెరగడం ఖాయం.

కేబుళ్ల సంగతీ అంతే. 2012లో ఐఫోన్ 5తో వచ్చిన లైట్నింగ్ కేబుల్ మొనలోనే చిప్పు పెట్టారు. దాన్ని దాటేసే నకిలీలు వెంటనే తయారయ్యాయి. మరుసటి ఏడాది సాఫ్ట్‌వేర్ హెచ్చరికలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ హెచ్చరికలను తప్పించుకునే కేబుళ్లు ఆపైన వచ్చాయి.

నన్ను ఎక్కువగా బాధించేది ఇంకొకటి. 2018 నుంచి వచ్చిన ఐఫోన్లలో, అదే మోడల్ ఫోను నుంచి తీసిన అచ్చమైన కంపెనీ బ్యాటరీ అమర్చినా, అది అసలుదో కాదో నిర్ధారించలేకపోతున్నామన్న సందేశం వచ్చేది. 2024లో కొన్ని మోడళ్లకు ఈ పట్టు సడలించారు, సంతోషం. కానీ ఆలోచించండి: బ్యాటరీల భద్రతకు మన దేశం పెట్టుకున్న ఐఎస్ 16046 ప్రమాణం ప్రకారం పరీక్షలు చేయించి, భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ దగ్గర నమోదై, సొంత పేరుతో బ్యాటరీ అమ్మే కంపెనీలు ఉన్నాయి. వాళ్లది నకిలీ కాదు, ఫోను కంపెనీదీ కాదు. అయిదేళ్ల పాత ఫోనుకు సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ లేదని పంపేస్తే వినియోగదారుడికి మిగిలే మంచి దారి అదే. చిప్పు దృష్టిలో మాత్రం ఈ నిజాయతీ సరుకూ, ఇసుమంత రక్షణ సర్క్యూట్ కూడా లేని ఫస్ట్ కాపీ సరుకూ ఒకే గాటన పడతాయి. 2009లో పానసోనిక్ కొన్ని కెమెరాలకు సాఫ్ట్‌వేర్ మార్చి ఇతర కంపెనీల బ్యాటరీలను పని చేయకుండా చేసింది. భద్రత కోసమే అంది. భద్రతే అయితే పరీక్ష నెగ్గిన పరాయి బ్యాటరీతో తగవేమిటి?

మా బావమరిది పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు. అతని కేనన్ కెమెరాలో బయటి బ్యాటరీ వేస్తే, ఈ బ్యాటరీతో సంభాషణ కుదరడం లేదు, అయినా వాడతారా అని తెర మీద అడుగుతుంది. వాడతానంటే పని చేస్తుంది. నాకు కావలసిన మర్యాద అంతే. చిప్పు చెప్పాలి, తలుపు మూయకూడదు.

పైగా ఈ చెప్పడమంతా డబ్బు చేతులు మారాక, బ్యాటరీ ఫోనులో కూర్చున్నాక! కౌంటరు దగ్గర కొనేవాడికి కనిపించేది లేబుల్ మీది అచ్చు ఒక్కటే. ఆర్ అక్షరం తర్వాత ఎనిమిది అంకెలున్న బీఐఎస్ నమోదు సంఖ్య తయారీదారుకు ఇచ్చినది. లక్ష బ్యాటరీల మీద అదే ఉంటుంది కాబట్టి ప్రింటరున్న ప్రతివాడూ దాన్ని ఎత్తి రాయగలడు. బంగారానికి అలా వదిలేయలేదు కదా. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి నగకూ దానిదైన ఆరు అక్షరాంకెల హాల్‌మార్క్ గుర్తింపు సంఖ్య, అంటే హెచ్‌యూఐడీ, ఉంటేనే అమ్మాలన్నారు, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. పిల్లల దిండు పక్కన పెట్టుకుని పడుకునే వస్తువుకూ ఆ శ్రద్ధ తగదా? ఒక్కో బ్యాటరీకి ఒక్కో సంఖ్య ఇవ్వాలి. అదే సంఖ్య చిప్పులోనూ ఉండాలి. ఫోను సెట్టింగుల్లో ఆ సంఖ్య, తయారీ తేదీ, ఎన్నిసార్లు చార్జయిందన్న లెక్క మామూలు మనిషికి కనబడాలి. తేదీ, లెక్క చూపే ఫోన్లు ఇప్పటికే కొన్ని ఉన్నాయి. అప్పుడు పాత బోర్డు అంటించిన కొత్త సెల్ కూడా దొరికిపోతుంది, ఎందుకంటే ఒకసారి అమ్మి బిల్లు కట్టిన సంఖ్య రెండోసారి అమ్మకానికి రాకూడదు.

అది జరిగేలోగా మీరొక పని చేయవచ్చు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆర్-నంబరు కొడితే తయారీదారు పేరు, చిరునామా వస్తాయి, వాటిని లేబుల్‌తో పోల్చుకోవచ్చు. నకలు కొట్టిన నంబరును అది పట్టలేదు గానీ, కల్పించి వేసిన నంబరును పట్టేస్తుంది. ఎలా చూడాలో బొమ్మలతో ఒక చిన్న బాక్సు కట్టి మీ పత్రికలో వేయండి. బిల్లు మీద ఆర్-నంబరు రాయించుకోమని కూడా అందులో చేర్చండి. రాయడానికి నసిగే దుకాణదారులు ఎంతమంది ఉంటారో మీ పాఠకులే మీకు తిరిగి ఉత్తరాలు రాస్తారు.

— ఒక సెల్‌ఫోన్ మెకానిక్, తెనాలి