పసిబిడ్డ వెన్ను వంకరకు సరైన కోడ్ రాయించండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో మెడికల్ కోడర్‌ని. అమీర్‌పేటలో శిక్షణ తీసుకుని, పన్నెండేళ్లకు పైగా అమెరికా ఆసుపత్రుల రికార్డులు చదివి ప్రతి జబ్బుకూ ఐసీడీ కోడ్, అంటే అంతర్జాతీయ జబ్బుల పట్టికలో దానికున్న అంకె, వేసే పని చేస్తున్నాను. అక్కడెక్కడో ఏడాది నిండిన బిడ్డకు కారణం తెలియని వెన్ను వంకర ఛాతీ భాగంలో ఉంటే ఎం 41.04 అని, నడుము భాగంలో ఉంటే ఎం 41.06 అని వేస్తాను. ఒక్క అంకె తప్పినా ఫైలు వెనక్కి వస్తుంది. నా సొంత మేనకోడలి కాగితాల్లో మాత్రం ఒక చోట కోడ్ రాయాల్సిన గడి ఖాళీగా ఉంది, ఇంకో చోట తప్పు కోడ్ ఉంది. అందుకే మీకు ఈ లేఖ రాస్తున్నాను.

ఆ వంకరను మొదట కనిపెట్టింది మా అమ్మ. చెల్లెలు పురిటికి వచ్చి ఐదో నెల దాకా మా ఇంట్లోనే ఉంది. పాపను కాళ్ల మీద బోర్లా వేసుకుని నీళ్లు పోస్తూ వెన్ను మీద నూనె వేలితో రాస్తుంటే, ఒక చోటికి వచ్చేసరికి వేలు ఎడమ పక్కకు జారేది. రోజూ అదే చోట. "దీని వెన్ను తిన్నగా లేదురా" అంది అమ్మ. మేం వెళ్లిన మొదటి ఆసుపత్రిలో ఎక్స్-రే తీసి, "వెన్ను వంకర" అని రెండు మాటలు రాసి, పెరిగేకొద్దీ సర్దుకుంటుందని పంపేశారు. వంకర ఎన్ని డిగ్రీలో రాయలేదు. రెండో చోట కోడ్ రాశారు: క్యూ 76.3. అది చూసి నా గుండె జారిపోయింది. ఎందుకంటే అదే ఫైల్లో, అదే రోజు తేదీతో ఉన్న ఎక్స్-రే రిపోర్టు "వెన్నుపూసల ఆకారంలో లోపం లేదు" అంటోంది.

ఈ రెండు కోడ్‌ల మధ్య తేడా చిన్నది కాదు. క్యూ 76.3 అంటే గర్భంలోనే వెన్నుపూస సరిగా ఏర్పడక వచ్చిన వంకర. అలాంటి బిడ్డకు మూత్రపిండాలు, గుండె, వెన్నుపాము కూడా పరీక్షించాలి. ఎం 41.0 (నేను పైన చెప్పిన 41.04, 41.06 ఇందులోవే) అంటే పూసలన్నీ బాగానే ఉండి, మూడేళ్ల లోపు, కారణం తెలియకుండా వచ్చే వంకర. ఇందులో చాలావరకు వాటంతట అవే తిన్నగా అవుతాయి. మిగిలినవి పెరుగుతూ పోయి, ఛాతీని నొక్కి, ఊపిరితిత్తులను ఎదగనివ్వవు. వాటిని ప్లాస్టర్ కట్లతో దారికి తేవచ్చు, కానీ చాలా చిన్న వయసులోనే మొదలుపెట్టాలి. మా ఫైలు చూసిన మూడో డాక్టర్ ఆ క్యూ కోడ్‌నే నమ్మి, ఎముక లోపానికి కట్లు పనిచేయవని, పెద్దయ్యాక ఆపరేషన్ చూద్దామని చెప్పారు. బీమా కంపెనీ అదే కోడ్ చూపించి, పుట్టుకతో వచ్చిన లోపమంటూ సంజాయిషీ అడిగింది. నాలుగో చోట పొరపాటు బయటపడేసరికి ఏడు నెలలు పోయాయి.

ఏడు నెలలు పెద్ద లెక్కా అని మీ అధికారులు అనుకోవచ్చు. లండన్‌లోని రాయల్ నేషనల్ ఆర్థోపెడిక్ హాస్పిటల్‌లో పనిచేసిన ఎముకల డాక్టర్ మిన్ మెహతా 136 మంది ఇలాంటి పసిపిల్లలకు వరుసగా ప్లాస్టర్ కట్లు వేసి, ఆ ఫలితాలను 2005లో ప్రచురించారు. సగటున ఏడాది ఏడు నెలల వయసులో వచ్చిన 94 మందికి వంకర పూర్తిగా పోయింది. సగటున రెండున్నరేళ్లకు వచ్చిన 42 మందికి తగ్గిందే గాని పోలేదు. రెండు గుంపులకూ మధ్య తేడా పదకొండు నెలలు. మా పాప పోగొట్టుకున్నవి అందులో ఏడు.

నా వృత్తి గురించి కూడా ఒక నిజం చెప్పాలి. కోడ్ ఒక్కటే రాస్తే చాలదు. అమెరికా వాళ్ల పాత ఐసీడీ-9లో దానంతట అది తగ్గే వంకరకు 737.31, పెరిగే వంకరకు 737.32 అని వేర్వేరు కోడ్‌లు ఉండేవి. 2015 అక్టోబర్ 1న అక్కడ ఐసీడీ-10 వచ్చాక రెండూ ఒకే కోడ్‌లో కలిసిపోయాయి. వంకర ఎక్కడుందో ఇప్పుడు కోడ్ చెబుతుంది, ఎటు పోతోందో చెప్పదు. అది తెలియాలంటే కొలతలు ఉండాలి. పక్కటెముక వెన్నుపూసతో చేసే కోణాన్ని రెండు వైపులా కొలిస్తే, తేడా 20 డిగ్రీలు దాటిన వంకర పెరిగే అవకాశం ఎక్కువని అదే మెహతా 1972లోనే చెప్పారు. ఎక్స్-రే ఫిల్మ్, స్కేలు, పెన్సిలు, కోణమానిని ఉంటే చాలు. అందుకే కోడ్ పక్కనే వంకర డిగ్రీలు, ఈ తేడా, తేదీ రాయడం తప్పనిసరి చేయండి.

పిల్లల్లో జబ్బులను ముందే కనిపెట్టే ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. ఆ పథకం బృందాలు వెతికే సమస్యల్లో వంకర పాదాలు, తుంటి కీలు జారడం ఉన్నాయి. నాడీనాళ లోపాలూ (పుట్టుకతో మెదడు, వెన్నుపాము సరిగా ఏర్పడకపోవడం) ఉన్నాయి. పసిబిడ్డల్లో వచ్చే ఈ వెన్ను వంకర మాత్రం లేదు. పాదాలు చూడటానికి బిడ్డను ఎలాగూ చేతుల్లోకి తీసుకుంటారు. బోర్లా తిప్పి వీపు కూడా చూడమనండి. మా అమ్మ చేసింది అంతకన్నా ఎక్కువేమీ కాదు.

ఇప్పుడు ఆభా నంబరుతో (ప్రభుత్వం ఇచ్చే డిజిటల్ ఆరోగ్య ఖాతా నంబరు) రికార్డు ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి వెళ్తోంది. మంచిదే. కానీ తప్పు కోడ్ కూడా అంతే వేగంగా బిడ్డ వెంట వెళ్తుంది. రిపోర్టుకూ కోడ్‌కూ పొంతన లేకపోతే సరిదిద్దే మనిషి ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ ఉండాలి. పరాయి దేశపు బిడ్డల వెన్నులకు అంకె తప్పకుండా కోడ్ వేసేవాళ్లు ఈ నగరంలో వేల మంది ఉన్నారు. వాళ్లలో కొందరినైనా మన ఆసుపత్రుల రికార్డు గదుల్లోకి తీసుకోండి.

మా పాపకు ఇప్పుడు మూడో కట్టు నడుస్తోంది. దాన్ని తీసి కొత్తది వేసే మధ్యలో దొరికే కాసేపట్లో అమ్మ నీళ్లు పోసి, మళ్లీ వెన్ను మీద వేలు పెట్టి చూస్తుంది. నాకు ఆదివారాలు సెలవు. జిల్లా ఆసుపత్రుల రికార్డు సిబ్బందికి ఈ కోడ్‌లు నేర్పడానికి జీతం లేకుండా వస్తాను. ఎక్కడికి రావాలో మీ కార్యాలయం నుంచి ఒక్క కబురు పంపితే చాలు.

ఇట్లు,
ఒక మెడికల్ కోడర్, హైదరాబాద్