జామకాయలు కింద పడ్డాయట

మెట్టుగూడ,
డిసెంబరు 19

చిన్నీ,

ఫోన్ చేస్తే "అమ్మా, మీటింగ్‌లో ఉన్నా" అంటావు. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటావు. అందుకే కాగితం మీద రాస్తున్నా. క్రిస్మస్ పిండివంట గులాబి పువ్వుల డబ్బా ఇవ్వడానికి రేపు మీ నాన్న మెట్రోలో రాయదుర్గం దాకా వస్తున్నారు. ఈ ఉత్తరం, నీ పిల్లలిద్దరూ మా దగ్గర ఈ నాలుగు రోజుల్లో వేసిన బొమ్మలు ఆ సంచిలోనే ఉంటాయి. ముందు ఉత్తరం చదువు, బొమ్మలు తర్వాత చూడు.

నువ్వు పంపిన ఆరు డాట్ మార్కర్లూ (అవే, మూతి దగ్గర స్పాంజి ఉండే రంగు సీసాలు), ఫైలు నిండా ప్రింట్లూ చూశాను. పైన అంటించిన టైమ్‌టేబుల్ కూడా చూశాను. మొదటి రోజు క్రిస్మస్ చెట్టు, రెండో రోజు క్రిస్మస్ తాత, మూడో రోజు మంచు మనిషి. కింద ఎర్ర పెన్నుతో "గీత దాటకుండా వేయించు" అని. ఇరవై ఆరేళ్లు నర్సరీ పిల్లలతో వేగినదానికి నువ్వు టైమ్‌టేబుల్ వేశావు, బాగుంది. బన్నీగాడి బడి కూడా మాన్పించి పంపావు. పోనీలే, ఎల్‌కేజీలో వారం పోతే కొంపలేం మునగవు.

మీ నాన్న ఆ సీసాలు చూసి, "ఇవి తంబోలా సీసాల్లా ఉన్నాయే" అన్నారు. నిజమే. అమెరికాలో పెద్దవాళ్లు బింగో, అంటే మన తంబోలాలాంటి ఆట, ఆడేటప్పుడు పిలిచిన అంకె మీద రంగు కొట్టడానికి వాడే సీసాలే ఇవి, తర్వాత పిల్లల చేతికొచ్చాయి. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో మీ నాన్న పెన్నుతో కొట్టేసేవారు, అంతే తేడా. ఫుల్ హౌస్ ఒక్కసారి కూడా రాలేదనుకో, అది వేరే కథ.

మొదటి రోజే గొడవ. నువ్వు మామూలు జిరాక్సు కాగితం మీద ప్రింట్లు తీయించావు. మిన్ను స్పాంజి ఆనించి నొక్కిందో లేదో, రంగు అవతలికి దిగి టేబుల్ మీద పచ్చచుక్కలు పడ్డాయి. నీళ్లకు పోయే రంగే కాబట్టి తడిబట్టతో తుడిచేశాను. మీ నాన్న బనీనుకి అంటిందానికి మాత్రం రెండు ఉతుకులు పట్టింది. తర్వాత అటక మీది పెళ్లి పత్రికల కట్ట దింపాను. వాటి వెనక తెల్లగా, దళసరిగా ఉంటుంది కదా. అట్టలాంటి కాగితం మీద చుక్క ఎక్కడ పడితే అక్కడే ఆగుతుంది, పాకదు. రూపాయి బిళ్లంత సున్నాలు గీసి ఇచ్చాను. ఎవరెవరి పెళ్లిళ్ల మీదో మీ పిల్లలు క్రిస్మస్ చెట్లు మొలిపించారు.

ఇంకొకటి, మిన్ను సీసాను చీపురులా పట్టుకుని కాగితం అంతా ఊడ్చింది. "అలా కాదు" అన్నకొద్దీ ఇంకా ఊడ్చింది. కోడిపిల్ల నూకలు ఎలా ఏరుకుంటుందో వేలితో టేబుల్ మీద చేసి చూపించా. టక్, టక్, పైకి. అప్పుడు అర్థమైంది. ఇప్పుడు నోటితో కూడా "టక్ టక్" అంటూ వేస్తోంది. ఒకే చోట నొక్కి పట్టుకుంటే రంగు మడుగు కడుతుంది. పొడిచి లేవాలి, అదే కిటుకు.

రంగులు ఆరూ ఒకేసారి ముందు పెట్టకు. ఆరూ పెట్టిన రోజు క్రిస్మస్ తాత గడ్డం బురదలో పడి లేచినట్టు తయారైంది. ఎరుపు మీద ఆకుపచ్చ పడితే ఇంకేమవుతుంది? మూడేళ్లలోపు పిల్లకు రెండు రంగులు చాలు. తెల్లకాగితం మీద తెల్లగడ్డం ఎలా అని బన్నీ అడిగాడు. మంచి ప్రశ్నే. దూది ఉండలు చేసి, సున్నాల్లో ఫెవికాల్ చుక్కలు పెట్టి అతికించాడు. మంచు మనిషిని చూసి మిన్ను "ఇడ్లీ మీద ఇడ్లీ" అంది. హైదరాబాదులో పుట్టిన పిల్ల అంతకన్నా ఏమంటుంది? నేనూ దిద్దలేదు. ఆ రోజు టిఫిన్ కూడా ఇడ్లీయే.

ఇప్పుడు నీ ఎర్ర పెన్ను మాటకొస్తాను. మనిషి మణికట్టులో ఎనిమిది చిన్న చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవేవీ ఎముకలు కావు, మెత్తటి మృదులాస్థి. ఏళ్ల తరబడి మెల్లమెల్లగా గట్టిపడుతూ వస్తాయి. చివరిది గట్టిపడేసరికి తొమ్మిది, పదేళ్లు దాటిపోతాయి. మిన్నుకి ఇంకా మూడు నిండలేదు. పెన్సిలు మూడు వేళ్ల మధ్య నిలవదు దానికి. ఈ సీసా లావుగా ఉంటుంది కాబట్టి పిడికిట్లో పడుతుంది, మోచేయి, భుజం కలిసి పనిచేస్తే చుక్క పడుతుంది. సున్నా పక్కన పడిందంటే అది మొండితనం కాదు, అజాగ్రత్త కాదు. గురి పెట్టడం ఇప్పుడే నేర్చుకుంటోంది.

బన్నీ సంగతి వేరు. వాడు ఇరవై దాకా గడగడా చెబుతాడు కదా, నువ్వు మురిసిపోతావు. చెట్టు మీద ఎనిమిది సున్నాలు గీసి లెక్కపెట్టమంటే పదకొండు అన్నాడు. నోరు ముందు పరిగెడుతోంది, వేలు వెనక పడుతోంది. సీసా చేతికిచ్చి, "చుక్క పెట్టాకే అంకె చెప్పు" అన్నాను. చుక్క పెట్టిన సున్నాను మళ్లీ లెక్కపెట్టడానికి లేదు కాబట్టి ఎనిమిది దగ్గరే ఆగాడు. రెండోసారి కూడా ఎనిమిదే వచ్చేసరికి నా వైపు అనుమానంగా చూశాడు, నేనేదో సున్నాలు దాచినట్టు. నిన్న క్రిస్మస్ మిఠాయి చేతికర్ర (క్యాండీ కేన్) బొమ్మకు ఎరుపు, ఖాళీ, ఎరుపు, ఖాళీ అని వాడంతట వాడే వరస పట్టుకున్నాడు. అది మాత్రం నువ్వు చూసి తీరాలి.

ఇక సంచిలో అన్నిటికన్నా పైన పెట్టిన కాగితం మిన్నుది. క్రిస్మస్ చెట్టు మీద ఒక్క చుక్క లేదు. అన్నీ చెట్టు కింద, కాగితం అంచున, ఒకదాని మీద ఒకటి. చూడగానే నీ చెయ్యి దిద్దడానికి లేస్తుందని నాకు తెలుసు. ఎందుకిలా వేశావే అని అడిగాను. "కింద పడ్డాయి" అంది. ఏం పడ్డాయే అంటే కిటికీలోంచి పెరట్లో జామచెట్టును చూపించింది. పొద్దున అది, నేను కలిసి రాలిన కాయలు ఏరాం. చెట్టన్నాక కాయలు కిందే కదా ఉంటాయి.

నీకు ఒక పాత సంగతి చెప్పాలి, చాలా ఏళ్లుగా చెప్పలేదు. నీకప్పుడు నాలుగేళ్లు, నేను పనిచేసే బళ్లోనే చదివేదానివి. అప్పుడు ఈ సీసాలు ఎక్కడివి? బెండకాయ అడ్డంగా కోసి, పోస్టర్ కలర్‌లో ముంచి అద్దించేవాళ్లం. అయిదు మూలలతో చక్కగా నక్షత్రం పడుతుంది. క్రిస్మస్ ప్రోగ్రాంకి అందరి బొమ్మలూ బోర్డు మీద పెట్టాలి. నువ్వు కాగితం మూలన ఒకే చోట పది ముద్రలు కొట్టి "అయిపోయింది" అన్నావు. టీచర్ కూతురి బొమ్మ అలా ఉంటే మిగతా వాళ్లు ఏమనుకుంటారని నాకు ఒకటే టెన్షన్. రాత్రి నువ్వు పడుకున్నాక ఇంకో కాగితం మీద నేనే ముచ్చటగా అద్ది, కింద నీ పేరు రాశాను. మర్నాడు బోర్డు ముందు నిలబడి చాలాసేపు వెతికి, "అమ్మా, నాదేది?" అన్నావు. చూపించాను. దాన్ని చూసి, నన్ను చూసి, "అది నీది కదా" అన్నావు. అరవలేదు, ఏడవలేదు. పోయి వరసలో నిలబడ్డావు. ఆ మూలన ముద్రల కాగితం నేను పారేశాను. ఇప్పుడు ఎంత వెతికినా లేదు.

సరే, పని మాట. నీ టైమ్‌టేబుల్లో లేనివి రెండు చేయించాను.

మొదటిది పక్కింటి వదిన పుణ్యం. పిల్లలు వచ్చింది 16న కదా, ఆ రోజే ధనుర్మాసం మొదలు. ఆ పొద్దున్నే ఆవిడ వాకిట్లో చుక్కలు పెడుతుంటే మిన్ను గేటు పట్టుకుని కళ్లార్పకుండా చూసింది. ముగ్గుపిండి చిటికెలోంచి చుక్క చుక్కగా రాలుతోంది, మార్కరు లేదు, సున్నాలూ లేవు. "తొమ్మిది చుక్కలు, ఒకటి వచ్చేవరకు" అంది వదిన. అంటే తొమ్మిది, దాని పైన ఏడు, అయిదు, మూడు, ఒకటి. తొమ్మిదికి అటువైపు కూడా ఇలాగే తగ్గుతాయి, ఆ సగం వదిలేసి చూస్తే అచ్చం క్రిస్మస్ చెట్టు! కూడితే ఇరవై అయిదు. నా సర్వీసంతా పిల్లల చేత డిసెంబరు ఒకటి నుంచి క్రిస్మస్ దాకా రోజుకొక చుక్క పెట్టించాను, ఈ చెట్టు మాత్రం తట్టలేదు నాకు. చార్టు మీద అలాగే సున్నాలు గీశాను. పదహారు రోజుల బాకీ ఉంది కాబట్టి ఆ రోజే పదహారు చుక్కలు పెట్టించాను. పైనుంచి నాలుగు వరసలు సరిగ్గా నిండాయి. అడుగు వరస తొమ్మిదీ పండగ దాకా రోజుకొకటి. ఇవాళ్టికి అందులో మూడు పడ్డాయి.

మన భాషలో ఇదో సుఖం, చుక్క అంటే ముగ్గు చుక్కా అదే, ఆకాశంలో చుక్కా అదే. యేసు పుట్టినప్పుడు చూడ్డానికొచ్చిన తూర్పు దేశపు జ్ఞానుల కథ చెబుతూ చుక్క కనబడింది అంటే బన్నీ వెంటనే పసుపు సీసా తీశాడు. జ్ఞానులు ఎంతమంది అన్నాడు. ముగ్గురని బైబిల్లో ఎక్కడా లేదు, కానుకలే మూడు, బంగారం, సాంబ్రాణి, బోళం అనే సుగంధపు బంక. అందుకని మనుషుల్ని వదిలేసి మూడు కానుకలకు మూడు రంగులు వేయించాను. సాంబ్రాణి వాసన ఎలా ఉంటుందో తెలియాలి కదా అని కొంచెం వేశాను కూడా. మీ నాన్న తుమ్ములతో పాఠం ముగిసింది.

రెండోది నీ పల్చటి కాగితాలకు పనికొచ్చింది. మెదక్ చర్చి 1924 క్రిస్మస్‌కి తెరిచారు కదా, 2024లో వందేళ్లకు మనమంతా వెళ్లినప్పుడు బన్నీ వాళ్ల నాన్న భుజాల మీద కూర్చుని రంగుటద్దాల కిటికీ చూశాడు. పశువుల తొట్టి, బాలయేసు ఉన్న కిటికీ. వాడికి గుర్తుందో లేదో కానీ, మీ నాన్న అలాంటి కమాను కిటికీ ఒకటి గీసిచ్చారు. పిల్లలు ఇష్టమొచ్చిన రంగులు చుక్కలు కొట్టారు. బాగా ఆరాక కాగితం వెనక దూదితో వంటనూనె రాసి, అదనపు నూనె పాత పేపరుతో అద్దేశాను. కాగితం అద్దంలా వెలుతురు దాటనిస్తుంది. కొబ్బరినూనె వాడకు, ఈ చలికి పేరుకుపోయి తెల్లగా మచ్చలు కడుతుంది. నేను ముందు అదే రాసి ఒక కాగితం పాడుచేశాను. కిటికీకి అతికించి, పదింటికి ఎండ వచ్చేసరికి గచ్చు మీద లేత రంగులు పడ్డాయి. మిన్ను వాటి మీద కూడా టక్ టక్ అంటూ వేలితో పొడిచింది.

ఎరుపు సీసా అయిపోయింది. ఇంకోటి కొనేదాకా పసుపు నీళ్లలో చిటికెడు వంటసోడా కలిపి ఇచ్చాను, ఎర్రగా తిరుగుతుంది. పిల్లలకు అదో ఇంద్రజాలం. కానీ పాత బట్టలు వేసి కూర్చోబెట్టు, పసుపు మరక పోదు. మిగతా సీసాలు మూత బిగించి తలకిందులుగా నిలబెడితే స్పాంజి ఎండదు. ఎండినా గోరువెచ్చటి నీళ్లలో ముంచితే మళ్లీ రంగొస్తుంది.

మూతలు మాత్రం ప్రతిసారీ లెక్కపెట్టు. మిన్ను ఇంకా అన్నీ నోట్లో పెట్టుకుంటోంది. నిన్న సాయంత్రం ఆరు సీసాలకు అయిదు మూతలే ఉన్నాయి. నా గుండె జారిపోయింది. సోఫా కింద, మంచం కింద, దాని నోట్లో, అన్నిచోట్లా చూశాను. చివరికి మీ నాన్న కళ్లజోడు పెట్టెలో దొరికింది. ఎవరు పెట్టారో ఇద్దరూ చెప్పరు.

24 రాత్రి క్యారల్స్ వాళ్లు మన సందుకొచ్చేలోపు మీరిద్దరూ వచ్చేయండి. వచ్చేటప్పుడు ఎరుపు సీసా ఒకటి, దళసరి కాగితాలు పాతిక తీసుకురా. ఇరవై అయిదో చుక్క ఎవరు పెట్టాలని ఇక్కడ ఇప్పటికే యుద్ధం నడుస్తోంది. ముందు పుట్టాను కాబట్టి నేనే అని బన్నీ, సీసా నా చేతిలో ఉంది కాబట్టి నేనే అని మిన్ను. నా వల్ల కాదు, నువ్వొచ్చి తేల్చు.

అమ్మ