రాగిరేకు చదవడానికి ఎందరు కావాలి?

దిలిమాన్, క్వెజాన్ సిటీ

ప్రియమైన రమణా,

ఫిలిప్పీన్స్ అనగానే మెడిసిన్ సీటు గుర్తుకొచ్చే మన ఊళ్ళో, నేను ఈ దేశపు సమాజాన్ని, సంస్కృతిని చదవడానికి వచ్చానంటే నమ్మినవాడివి నువ్వొక్కడివే. "ఇంతకీ అది చరిత్రా, సాహిత్యమా, సోషియాలజీనా?" అని అడిగావు. మూడూను, ఇంకా కొన్నీను. ఇక్కడి ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయంలో ఈ విషయంలో పీహెచ్‌డీని ఏషియన్ సెంటర్, సాహిత్య కళాశాల, సామాజిక శాస్త్రాల కళాశాల ఉమ్మడిగా నడుపుతాయి. అందుకే దానికి ట్రై-కాలేజ్ అని పేరు.

ఇందరు ఎందుకంటావా? లగూనా ప్రాంతంలో 1989లో ఒక రాగిరేకు బయటపడింది. నంవరన్ అనే వ్యక్తికున్న బంగారం బాకీ రద్దయిందని అతని వారసులకు రాసి ఇచ్చిన పత్రమది. అందులోని తేదీ చూస్తే నీకు నవ్వొస్తుంది: శక సంవత్సరం 822, వైశాఖ మాసం, కృష్ణపక్ష చతుర్థి, సోమవారం. అంటే క్రీ.శ. 900. పంచాంగం తెలిసిన మనకు ఆ పంక్తి ఇట్టే అర్థమవుతుంది కానీ, మన పాండిత్యం అక్కడితో సరి. లిపి 'కవి' అనే పాత జావా లిపి, భాష పాత మలయ్, మధ్యలో సంస్కృత పదాలు, పాత జావనీస్ పదాలు. దాన్ని చదివిన ఆంటూన్ పోస్ట్మా మిండోరో దీవిలోని మంగ్యన్ ఆదివాసుల మధ్య బతికిన డచ్చి పరిశోధకుడు. అందులోని ఊళ్ళు ఎక్కడివన్న వాదన ఇంకా తెగలేదు. స్పానిష్ వారు 1565లో వచ్చి స్థిరపడక ముందు ఇక్కడ చెప్పుకోదగ్గ చరిత్రే లేదనేవారికి మాత్రం ఆ ఒక్క రేకు చాలు.

నన్ను మరీ ఆకట్టుకున్నది ఇక్కడి చరిత్రకారుడు రేనాల్డో ఇలెటో 1979లో ప్రకటించిన పరిశోధన. పవిత్ర వారంలో ఇక్కడి ఇళ్ళలో క్రీస్తు శ్రమలను పద్యాలుగా, గంటల తరబడి, వంతులు వేసుకుని పాడతారు; ఆ కావ్యాన్ని పాసియోన్ అంటారు. స్పెయిన్ పాలన మీద 1896లో లేచిన విప్లవంలో చేరిన సామాన్యులు స్వాతంత్ర్యాన్ని ఊహించుకున్నది చదువుకున్నవారి ఉదారవాద పరిభాషలో కాదు, ఆ పాటల్లోని బాధ, త్యాగం, విమోచనల భాషలోనే అని ఆయన వాదించాడు. తెలంగాణ పోరాటంలో బుర్రకథ చేసిన పని తెలిసిన మనకు ఇది వింతేమీ కాదు. అయినా ప్రార్థన గీతాన్ని రాజకీయ చరిత్రకు ఆధారంగా పట్టుకోవడానికి ఒక్క చరిత్రకారుడి శిక్షణ సరిపోదు. ఛందస్సూ తెలియాలి, భక్తీ తెలియాలి.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. ఏదో ఒక శాస్త్రంలో గట్టి పట్టు లేకుండా ఇలాంటి చదువులోకి దిగినవాళ్ళు అన్నిటినీ పైపైన తాకి వెళ్ళిపోతారు. పాత మిషనరీల రాతలు చదవాలంటే స్పానిష్, పల్లెలో మాట్లాడాలంటే తగలోగ్ తప్పవు. ఆ శ్రమను సిద్ధాంతాలతో కప్పిపుచ్చడం నాకు నచ్చదు.

వచ్చే సెమినార్‌లో పాసియోన్ పక్కన బుర్రకథను పెట్టి మాట్లాడాలనుకుంటున్నాను. 1940ల నాటి బుర్రకథ దళాల మీద నీ దగ్గరున్న వ్యాసాలను వీలైనంత త్వరగా స్కాన్ చేసి పంపగలవా? దళాలు ఊళ్ళో ఎక్కడ, ఏ వేళ కథ చెప్పేవో రాసిన వ్యాసాలైతే మరీ మంచిది.

నీ
శ్రీనివాస్