రెండు బండ్ల తప్పుకు కూలీకి కోతా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మన జిల్లా ఎడిషన్‌లో లోక్ అదాలత్ ఫొటో వేశారు. ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న ఒకావిడకు ఇన్సూరెన్స్ అధికారి చెక్కు అందిస్తున్నారు. కింద "రాజీతో కేసు పరిష్కారం" అని రాశారు. ఆవిడ మా వీధి చివర ఉంటుంది. నేను నరసరావుపేట కోర్టుల్లో చాలా ఏళ్లు వకీలు గుమాస్తాగా చేశానని తెలిసి, సంతకం పెట్టేసిన తర్వాత కాగితాలు పట్టుకొచ్చింది. నాలుగు రోజులు ముందు తెచ్చి ఉంటే ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

జరిగింది మన దగ్గర ఏటా చూసేదే. మిరప కోతలకు కూలీలను తీసుకెళ్తున్న ఆటో, ఎదురుగా కంకర టిప్పర్. ఆవిడ భర్త ఆ ఆటోలో వెనక కూర్చున్న కూలీ. ఆటోవాడు ముందున్న ట్రాక్టర్‌ని దాటబోయి కుడివైపుకి వచ్చాడు. టిప్పర్‌వాడు మలుపులో కూడా స్పీడు తగ్గించలేదు. ఆటో డ్రైవరు అక్కడికక్కడే పోయాడు, దాంతో ఎఫ్‌ఐఆర్‌లో తప్పంతా అతనిదే అయింది. పోయినవాడు లేచొచ్చి కాదని చెప్పడు కదా. ఆటోకు ఇన్సూరెన్స్ ఎప్పుడో అయిపోయింది, టిప్పర్‌కు ఉంది. రాజీ మాటలప్పుడు ఆ కంపెనీ తరఫువాళ్లు ఏమన్నారంటే, "తప్పు అరవై పాళ్లు ఆటోది, నలభై మాది. మా నలభై మేం ఇస్తామమ్మా, మిగతాది ఆటో ఓనర్ని అడుగు." ఆ ఓనరుకున్న ఆస్తల్లా ఆ ఆటోనే, అది స్టేషన్ ఆవరణలో తుక్కయి పడి ఉంది. పది లక్షలు రావలసిన చోట నాలుగు లక్షలకు ఆవిడ సంతకం పెట్టింది.

ఈ అరవై, నలభై లెక్క ఆవిడ ముందు పెట్టాల్సింది కానే కాదు. ఆటోలో వెనక కూర్చున్న కూలీ స్టీరింగు పట్టుకోలేదు, బ్రేకు తొక్కలేదు. ఇద్దరు డ్రైవర్ల తప్పు కలిసి మూడో మనిషి ప్రాణం తీసినప్పుడు, పరిహారం మొత్తానికీ ఇద్దరూ బాధ్యులే. ఇద్దరి మీదా కేసు వేయొచ్చు, ఒక్కరి మీదే వేసి మొత్తం రాబట్టుకోవచ్చు. ఇది నా సొంత కవిత్వం కాదు. ఖెన్యేయి కేసులో 2015 మే 7న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇదే చెప్పింది. అందులోనూ గుద్దుకున్నవి ఒక బస్సు, ఒక ట్రక్కు. బాధితుడికి ఇచ్చే డబ్బును తప్పు చేసినవాళ్ల మధ్య వాటాలు వేసి తగ్గించడానికి వీల్లేదంది. ఎవరి తప్పు ఎంత అన్నది వాళ్లలో వాళ్లు తేల్చుకోవాలి. ఇద్దరూ కేసులో ఉండి సాక్ష్యం సరిపోతే ఆ లెక్క జడ్జిగారే తేలుస్తారు. మొత్తం కట్టినవాళ్లు రెండోవాళ్ల వాటాను, అదే తీర్పును అమలు చేయమని పిటిషన్ వేసి వసూలు చేసుకోవచ్చు. రెండోవాళ్లు కేసులో లేకపోతే తీర్పు వచ్చాక విడిగా దావా వేసుకోవాలి. ఆ తిరుగుడు కంపెనీ తిరగాలి, కూలి మానుకుని ఈవిడ కాదు.

డ్వాక్రా అప్పులో ఒకరు వాయిదా ఎగ్గొడితే గ్రూపులో మిగతావాళ్లు కట్టాలని మా వీధిలో ప్రతి ఆడమనిషికీ తెలుసు. "నా వాటా నేను కట్టాను, మిగతాది ఆమెనే అడగండి" అంటే ఏ బ్యాంకు మేనేజరూ వినడు. కూలీల దగ్గర ఇంత కచ్చితంగా నడిచే పద్ధతి పెద్ద కంపెనీ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు నడవదు?

కంపెనీవాళ్ల వాదన కూడా నేను చాలాసార్లు విన్నాను. పాలసీ లేని ఆటో తప్పుకు మేమెందుకు కట్టాలంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఆటో ఓనరు దగ్గర డబ్బు లేకపోవడం ఎవరో ఒకరికి నష్టం చేస్తుంది. ఆ నష్టం తప్పులో పాలున్నవాళ్లు మోయాలా, ఏ తప్పూ లేని మనిషి పెళ్లాంపిల్లలు మోయాలా? నాకైతే ఇందులో తర్కించడానికేమీ కనిపించదు.

ఒక్క తేడా మాత్రం చెప్పాలి. పోయింది ఆటో డ్రైవరే అయితే అతని కుటుంబానికి అతని తప్పు మేరకు పరిహారం తగ్గుతుంది. గాయపడ్డ లేదా చనిపోయిన మనిషి తప్పు కూడా ప్రమాదంలో ఉంటే వచ్చే కోత అది. కొందరు దాన్నే తెచ్చి ప్రయాణికుల మీద కూడా రుద్దుతున్నారు. "ఆటోలో పరిమితికి మించి ఎక్కారు, అది మీ తప్పే" అనడం కూడా అలాంటిదే. బైక్ మీద ముగ్గురు వెళ్లిన ఒక కేసులో 2020లో సుప్రీంకోర్టు ఏమందంటే, ఎక్కువమంది ఎక్కడం వల్లే ప్రమాదం జరిగిందని చూపించకుండా కోత పెట్టకూడదు. మేస్త్రీ పిలిచిన ఆటో ఎక్కకపోతే ఆ రోజు కూలి పోతుంది. ఇది కోర్టులో ఎవరూ చెప్పరు గానీ అందరికీ తెలిసిందే.

లోక్ అదాలత్ వద్దని నేననను. ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగలేనివాళ్లకు అది మేలే. అయితే అక్కడ సంతకం పెట్టాక అప్పీలు ఉండదు. అందుకే సంతకానికి ముందే "ఈ అంకె మొత్తమా, వాటానా?" అని వకీలునీ, బెంచీ మీద ఉన్నవారినీ అడగాలి. వాటా అంటే ఆగాలి. ఎఫ్‌ఐఆర్‌లో ఆటో తప్పని రాసి ఉందని బెదిరిస్తే బెదరక్కర్లేదు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో ఎఫ్‌ఐఆరే ఆఖరి మాట కాదు. టిప్పర్ స్పీడు గురించి, ఆటోలో బతికి బయటపడ్డవాళ్లు చెప్పే సాక్ష్యానికి విలువ ఉంటుంది. కేసు వేసేటప్పుడే రెండు బండ్ల ఓనర్లనూ, పాలసీ ఉన్న కంపెనీలనూ ప్రతివాదులుగా చేర్చడం మంచిది. ఫీజు గురించి టెన్షన్ పడి ఆగిపోయే ఆడవాళ్లకు, ఆదాయంతో పని లేకుండా, న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ఆరు నెలల్లోపు పిటిషన్ వేయమంటోంది కాబట్టి కర్మకాండలు కాగానే కాగితాలు చూసుకోవాలి.

మీకో మనవి. ఇకమీదట లోక్ అదాలత్ వార్త వేసేటప్పుడు ఎన్ని కేసులు తేలాయన్నదే కాకుండా, రెండు బండ్లు గుద్దుకున్న కేసుల్లో ఇచ్చింది మొత్తమా, వాటానా అని మీ విలేకరి చేత అడిగించండి. ఈ సీజన్ కోతలు ఇంకా అయిపోలేదు, ఆటోలు అలాగే నిండుగా వెళ్తున్నాయి. వచ్చే లోక్ అదాలత్ లోపే ఈ ఉత్తరం వేస్తే మేలు.

- ఒక పాత వకీలు గుమాస్తా,
నరసరావుపేట, పల్నాడు జిల్లా